డోపమీను: ముడిసరుకా? వార్తాహరమా?

మెదడులో డోపమీనుకు స్వంత పని లేదనియు, అది నార్‌అడ్రినలిను తయారగుటకు ముడిసరుకు మాత్రమే యనియు 1950 ప్రాంతమున శాస్త్రజ్ఞులు తలచెడివారు. 1957లో స్వీడను దేశమున లుండులో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పీను ఎక్కించెను. అది సర్పగంధి వేరులోని మందు. ఆ వేరుతో ఉన్మాదమునకు వైద్యము భారతదేశమున ఏనాటినుండియో ఉన్నదే. కుందేళ్ళు కదలక మెదలక పడియుండెను. పిమ్మట, శరీరములో డోపమీనుగా మారు డోపాను ఇయ్యగా, కొద్దిసేపటిలో లేచి తిరుగసాగెను! మెదడులో నార్‌అడ్రినలిను మాత్రము పెరుగలేదు. తిరిగి నిండినది డోపమీనే యని 1958లో తేలెను. అయినను 1960లో లండను సభలో పెద్దలనేకులు నమ్మలేదు. ఆ యేడే వియన్నాలో హోర్నికివిచ్, పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులలో డోపమీను మిక్కిలి తగ్గియున్నదని చూపెను. 1961లో డోపా సూదిమందుతో, కూర్చుండలేని రోగులు కొంతసేపు లేచి నడచిరి. కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమతి 2000లో గాని రాలేదు.