మూలాలు ఎవరివి?

1962లో లండన్‌లో మొదలైన రోలింగ్ స్టోన్స్ బృందానికి తొలి బడి అమెరికా నల్లవాళ్ల బ్లూస్ పాటే. బృందం పేరు కూడా మడ్డీ వాటర్స్ పాట నుంచి తెచ్చుకున్నదే. యాభై ఏళ్లకు పైగా రాక్ పాడాక, 2015 డిసెంబరులో వాళ్లు మూడు రోజుల్లో 12 పాత బ్లూస్ పాటలు రికార్డు చేశారు. 2016లో ‘బ్లూ అండ్ లోన్‌సమ్’గా వచ్చిన ఆ ఆల్బమ్‌కి 2018లో గ్రామీ దక్కింది. మూలాలకు తిరిగొచ్చారని అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఆల్బమ్ నాకూ ఇష్టమే. కానీ ఆ పాటల కర్తల్లో ఒక్క స్త్రీ పేరూ కనిపించదు. బ్లూస్‌ని రికార్డులకెక్కించింది స్త్రీలే కదా! 1920 ఆగస్టులో మామీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడుపోయాకే కంపెనీలు నల్లవాళ్ల పాట వైపు చూశాయి. 1923లో మా రెయినీ, బెస్సీ స్మిత్ రికార్డులిచ్చారు. మగవాడి దెబ్బలు, వలస, వరద, తమ కోరికలు - అన్నీ దాపరికం లేకుండా పాడారు. ఆ పాటల్లోని స్త్రీవాద చైతన్యాన్ని ఆంజెలా డేవిస్ 1998లో ఒక పుస్తకంగా రాసింది. తర్వాతి తరాలు మాత్రం గిటారు పట్టిన ఒంటరి మగవాణ్ణే అసలు బ్లూస్‌గా నిలబెట్టాయి. లండన్ కుర్రాళ్లు నేర్చుకున్నది ఆ చరిత్రనే.

జనగామలో పాఠాలు చెప్పుకునే నాకు ఈ గొడవెందుకు? మన పాట కూడా ఇలాగే వెనక్కి తిరిగింది కనుక. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణ అంతటా పాకింది. నాట్ల పాటలు, బతుకమ్మ ఉయ్యాల పాటల వరసలు వేదికలెక్కాయి. ఆ వరసల్ని బురదమళ్లలో, వాకిళ్లలో తరతరాలుగా బతికించింది ఆడవాళ్లు. గజ్జెకట్టి వేదిక నడుమ నిలిచింది ఎక్కువగా మగవాళ్లు. అంతకు మూడేళ్ల ముందే, 1999 మేలో, తెలంగాణ పాటై నిలిచిన భువనగిరి మిల్లు కార్మికురాలు బెల్లి లలితను చంపి 17 ముక్కలు చేశారు. స్త్రీ ముందు నిలబడి పాడితే చెల్లించిన మూల్యమది.

మహబూబాబాద్ దగ్గర నాటు వేస్తున్న ఒక పెద్దమ్మని, ఈ పాట ఎవరు కట్టారని అడిగాను. “ఎవలు కట్టుడేంది బిడ్డా, మా అమ్మ పాడేది, నేనందుకున్న” అంది. మన పుస్తకాల్లో ఆ తల్లీకూతుళ్లిద్దరూ ‘జానపదం’ అన్న ఒక్క మాటలో కలిసిపోతారు.

భూపాలపల్లి వైపు పాటలు సేకరించే మా విద్యార్థినులకు ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. పాట కన్నా ముందు, ఆమె ఒప్పుకుంటే, పాడినామె పేరు రాయండి. ఎవరి దగ్గర నేర్చుకుందో అదీ రాయండి. తిరిగి వెళ్లేవాళ్లకు అది ఎవరి ఇల్లో తెలియాలి.