గాలిచాటు చరిత్ర

అమెరికాలో పబ్లిక్ ల్యాండ్ మీద వేటాడేవాళ్ళని ఏడాది పొడుగునా తొలిచే ప్రశ్న ఒకటుంది: జనం తాకిడి ఉన్న అడవిలో, ముదురు మగదుప్పి పగలు ఎక్కడ పడుకుంటుంది? నేను తుపాకి పట్టినవాణ్ణి కాను, ఆ సరదా కూడా లేదు. నాకున్నదల్లా మ్యాపుల పిచ్చి. కంటూర్ గీతల్లో జవాబు వెతకబోతే ఆ ప్రశ్న నన్ను నేరుగా పెన్సిల్వేనియా చరిత్రలోకి తీసుకెళ్ళింది.

ముందు పేరు సంగతి. వైట్‌టెయిల్‌ని మనం అలవాటుగా జింక అనేస్తాం. కానీ కొమ్మలుగా చీలి, ఏటా రాలి, మళ్ళీ మొలిచే కొమ్ములు దానివి. దుప్పి అనడమే సబబు.

1900 నాటికి పెన్సిల్వేనియాలో దుప్పి కనబడటమే అరుదు. కలప కోసం కొండలు బోడి చేశారు. మాంసం, తోళ్ళ వ్యాపారం కోసం సాగిన వేట మిగిలినవాటిని ఊడ్చేసింది. 1895లో గేమ్ కమిషన్ ఏర్పడింది. 1906 నుంచి బయటి రాష్ట్రాల దుప్పుల్ని తెచ్చి అడవుల్లో వదిలారు. 1907లో కొమ్ముల్లేనివాటిని చంపకూడదని చట్టం చేశారు. 1913లో వేటకి లైసెన్సు పెట్టారు. 1920లో ఎల్క్ కౌంటీలో మొదటి స్టేట్ గేమ్ ల్యాండ్ కొన్నారు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద పన్నుని దేశమంతటా వన్యప్రాణుల పనికి మళ్ళించింది. ఇవాళ ఆ రాష్ట్రంలో గేమ్ ల్యాండ్స్ సుమారు 15 లక్షల ఎకరాలు.

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు రాజుగారి అడవిలో దుప్పిని కొడితే కఠిన శిక్ష. ఇక్కడ లైసెన్సు కొన్న ప్రతివాడికీ ఆ అడవిలో హక్కుంది. నాకు ఇది గొప్ప ఆలోచనే అనిపిస్తుంది. అయితే అడవి అందరిదీ అయినప్పుడు, అందరూ ఒకేసారి వస్తారు. 1963 నుంచి 2018 దాకా రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది. చాలాచోట్ల ఆ రోజు బడులకి సెలవు. తెల్లారకముందే లక్షల మంది నారింజరంగు చొక్కాలతో అడవుల్లో దిగేవాళ్ళు. ఆ తాకిడిలో బతికి బట్టకట్టిన పోతు ఏం నేర్చుకుంటుంది?

మొదట గాలిని. అలెగేనీ కొండల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. పోతు తూర్పు వాలులో, శిఖరానికి కాస్త కిందుగా, వాలులో పైనుంచి మూడో వంతులో పడుకుంటుంది. వెనక నుంచి ఎవరొచ్చినా గాలి వాసన మోసుకొస్తుంది. పొద్దెక్కాక వాలు వేడెక్కి, కింది గాలి పైకి లేస్తుంది. లోయలో తిరిగేవాడి వాసన కూడా ముక్కు దగ్గరికే వస్తుంది. ముందువైపు కళ్ళు కాపలా కాస్తాయి. చాటు కోసం మౌంటెన్ లారెల్ గుబుర్లో, నరికిన చోట మళ్ళీ ఎగదన్నిన పిల్లచెట్లో ఉంటాయి. పల్లపు నేలల్లో అయితే చిత్తడి మధ్య కాస్త మెరకగా ఉన్న పొడినేల చాలు.

తర్వాత మనుషుల్ని. పెన్సిల్వేనియాలో వేటగాళ్ళు అడవిలో ఎక్కడెక్కడ ఉంటారో పరిశోధకులు లెక్కగట్టారు. రోడ్డుకి దూరమయ్యేకొద్దీ, వాలు నిటారయ్యేకొద్దీ వాళ్ళు పలచబడుతున్నారు. అందరిదీ అయిన అడవిలో అందరూ తిరిగేది కొంచెం మేరే. మిగతాదంతా పోతుది. "అయితే లోపలికి నడిస్తే దొరుకుతుంది కదా" అనుకుంటే అక్కడే బోల్తా. పట్టుదల ఉన్నవాళ్ళంతా రెండు మైళ్ళు లోపలికి వెళ్తుంటే, పోతు పార్కింగ్ పక్కనే ఎవరూ తొంగిచూడని పొదలో పడుకోవచ్చు. అది కొలిచేది దూరాన్ని కాదు, మన అలవాటుని.

అసలు "ముదురు పోతు" అనేది కూడా పెన్సిల్వేనియాలో చట్టం పెంచిన జంతువే. 2002కి ముందు అక్కడి మగదుప్పుల్లో అత్యధిక భాగం ఏడాదిన్నర వయసుకే తూటాకి పోయేవి. ఆ ఏడు, కొమ్ముకి ఒక వైపు కనీసం మూడు మొనలు (కొన్ని ప్రాంతాల్లో నాలుగు) ఉంటే తప్ప కొట్టకూడదన్నారు. దాంతో చాలా కుర్ర పోతులు ఇంకో ఏడు బతికాయి. ఆ ఒక్క ఏడే వాటికి బడి. నేర్వనివి పోయాయి, నేర్చినవి ముదిరాయి.

పెద్దన స్వరోచి వేటలోనూ, ధూర్జటి తిన్నడి వేటలోనూ మనం వేటగాడి వెంటే పరిగెడతాం. వేటాడబడేదాని వైపు నుంచి కూడా చరిత్ర రాయొచ్చని నాకు ఈ పడకలు చెప్పాయి. రోడ్డు ఎక్కడ వేశారు, సెలవు ఎప్పుడిచ్చారు, ఏ వాలు ఎక్కడానికి ఒళ్ళు బరువైంది, అన్నీ అందులో ఉన్నాయి. పెన్సిల్వేనియాలో చాలాకాలం ఆదివారం దుప్పి వేట నిషిద్ధం. 2019లో చేసిన చట్టం మూడు ఆదివారాలు తెరిచింది. అదే ఏడు సీజన్ కూడా సోమవారం నుంచి శనివారానికి జరిగింది. ఉద్యోగాలున్నవాళ్ళకి అది సౌకర్యం, న్యాయం కూడా. కొండ మీద గాలిచాటున పడుకున్న పోతుకి మాత్రం, నేర్చుకోవాల్సిన మనిషి అలవాటు ఇంకొకటి పెరిగింది.