భర్త గల్ఫ్‌లో, భార్య ఇంట్లో: మనసు మీద పడే బరువు

నిజామాబాద్, జగిత్యాల, కడప వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీల్లో ఎక్కువమంది భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్ళలేరు. యూఏఈలో ఫ్యామిలీ వీసాకు నెల జీతం 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లివ్వాలి. ఆ జీతం వాళ్ళకెక్కడిది?

ఇక్కడ పిల్లల చదువు, అత్తమామల మందులు, ఏజెంటు కోసం తెచ్చిన అప్పు, అన్నీ ఆమె మీదే. ఫోన్ రాకపోతే భయం. వస్తే గొడవ: పైసలు అమ్మీ ఖాతాలో వేయాలా, భార్య ఖాతాలోనా? బయటికెళితే నలుగురి మాటలు.

బాధ మొదట ఒంట్లోనే కనిపిస్తుంది. నిద్ర పట్టదు, గుండెదడ, తలనొప్పి. డాక్టరు బలం గోలీలు రాస్తాడు, ఇంట్లోవాళ్ళు నజర్ తగిలిందంటారు. దువా చేయించుకోవడంలో తప్పేం లేదు, కానీ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. చాలా ఇళ్ళల్లో ఫోన్ అత్త చేతిలోనే ఉంటుంది, అదే అసలు చిక్కు. పుట్టింటికి వెళ్ళినప్పుడైనా చేయొచ్చు.