ఖనిజానికి పేరు ఎలా నిలుస్తుంది? టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఖనిజాల చరిత్ర

ఖనిజం భూమిలో ఎంతో కాలంగా ఉంటుంది. అయితే అది ‘కొత్త ఖనిజం’ అయ్యేది ఎప్పుడు? తవ్వేవారి చేతికి దొరికినప్పుడా, శాస్త్రజ్ఞులు దాన్ని వర్ణించినప్పుడా? ఒకసారి పెట్టిన పేరు శాశ్వతమేనా? ఈ ప్రశ్నలను టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఖనిజాల చరిత్ర ద్వారా పరిశీలిద్దాం.

స్వీడిష్ భాషలో ‘టుంగ్ స్టెన్’ అంటే బరువైన రాయి. 1781లో కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఆ రాయి నుంచి ఒక కొత్త ఆక్సైడ్‌ను వేరుచేశాడు. 1783లో స్పెయిన్‌లోని బెర్గారాలో ఎలుయార్ సోదరులు వుల్‌ఫ్రమైట్ నుంచి అదే ఆక్సైడ్‌ను పొంది, బొగ్గుతో వేడిచేసి లోహాన్ని తీశారు. ప్రకృతిలో ఈ ఆక్సైడ్ నీటితో కలిసి కూడా ఉంటుంది. అమెరికాలోని కనెక్టికట్‌లో దొరికిన అలాంటి పసుపు పొడికి 1868లో జేమ్స్ డ్వైట్ డానా ‘టంగ్‌స్టైట్’ అని పేరు పెట్టాడు. ఇందులో ఒక ట్రైఆక్సైడ్‌కు ఒక నీటి అణువు ఉంటుంది. 1944లో బొలీవియా నుంచి వర్ణించిన హైడ్రోటంగ్‌స్టైట్‌లో రెండు ఉంటాయి.

ఈ ఖనిజాలను గుర్తించడం సులభం కాదు. ముడిఖనిజం శైథిల్యం చెందినప్పుడు ఇవి పలుచని పూతలుగా, మెత్తని పొడిగా ఏర్పడతాయి. రసాయన విశ్లేషణలో ఇనుము కనిపిస్తే, అది ఖనిజంలో భాగమా, కలిసిపోయిన మలినమా అన్నది తేల్చాలి. 1911లో వాల్డెమార్ షాలర్ వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ‘ఫెర్రిటంగ్‌స్టైట్’ను వర్ణించాడు. ఇనుము అందులో ముఖ్య భాగమని ఆ పేరే చెబుతుంది. స్ఫటికంలో పరమాణువుల అమరికను తెలిపే ఎక్స్-కిరణ వివర్తనం బయటపడింది ఆ మరుసటి ఏడాది, అంటే 1912లో.

1959లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం కొత్త ఖనిజాల పరిశీలనకు ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. అప్పటి నుంచి పేరు పెట్టాలంటే రసాయన సంఘటనం, స్ఫటిక లక్షణాలు మొదలైన వివరాలను కమిషన్‌కు సమర్పించి, సభ్యుల ఓటుతో ఆమోదం పొందాలి. మూల నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఎల్స్‌మోర్ అనే పాత తగరపు గనుల ప్రాంతం ఉంది. అక్కడ దొరికిన తెల్లని పొడిని పీటర్ విలియమ్స్ బృందం పరీక్షించి, 2005లో ‘ఎల్స్‌మోరైట్’గా వర్ణించింది. ఇందులో రెండు ట్రైఆక్సైడ్‌లకు ఒక నీటి అణువు ఉంటుంది. దీని అమరిక పైరోక్లోర్ అనే ఖనిజాన్ని పోలి ఉంటుంది.

2010లో పైరోక్లోర్ కుటుంబం మొత్తానికి కొత్త నామకరణ నియమాలు వచ్చాయి. దానితో ఎల్స్‌మోరైట్ ‘హైడ్రోకెనోఎల్స్‌మోరైట్’ అయింది. ‘హైడ్రో’ అంటే నీరు. ‘కెనో’ అంటే ఖాళీ. అమరికలో ఒక స్థానంలో నీరు ఉందని, లోహ పరమాణువులు ఉండదగిన మరొక స్థానం ప్రధానంగా ఖాళీగా ఉందని ఈ పేరు చెబుతుంది. ఫెర్రిటంగ్‌స్టైట్ మాత్రం దాదాపు వందేళ్ల తరువాత స్వతంత్ర ఖనిజ జాతి హోదానే కోల్పోయింది.

ఈ రెండు మార్పులూ ఒకటి కావని విద్యార్థులు గమనించాలి. ఎల్స్‌మోరైట్ విషయంలో ఖనిజాన్ని గురించిన అవగాహన తప్పు కాలేదు. పేరు పెట్టే నియమం మారింది. ఫెర్రిటంగ్‌స్టైట్ విషయంలో ఖనిజాన్ని నిర్వచించిన తీరే నిలవలేదు. అలాగని షాలర్ శ్రమ వృథా అయిందనలేం. ఆయన తన కాలపు సాధనాలతో చూసినదాన్ని రాసిపెట్టాడు కనుకనే తరువాతివారు దాన్ని ప్రశ్నించగలిగారు. శాస్త్రంలో పేరు మారవచ్చు, పోవచ్చు. భద్రపరచిన నమూనా, నిజాయితీగా నమోదు చేసిన కొలత మాత్రం మరొకరు మళ్లీ పరీక్షించడానికి మిగిలి ఉంటాయి. ఒక ఖనిజాన్ని వర్ణించడమంటే రాబోయే తరాలకు ఆ అవకాశం ఇవ్వడమే.