రోడ్డు తవ్వితే మట్టి ఎవరిది? మారిన వ్యర్థాల రూల్స్.. కాంట్రాక్టర్లు, కాలనీవాసులు తెలుసుకోవాల్సినవి

పైప్‌లైన్ కోసమో, కేబుల్ కోసమో కాలనీలో సీసీ రోడ్డు కోస్తారు. పని రెండు రోజుల్లో అయిపోతుంది. కాంక్రీటు పెచ్చులు, మట్టి కుప్పలు మాత్రం నెలలు గడిచినా అక్కడే ఉంటాయి. తొలి వాన పడగానే అదంతా నాలాలోకి, మ్యాన్‌హోల్‌లోకి చేరుతుంది. మరి ఆ కుప్ప తీయాల్సింది ఎవరు? కార్పొరేషనా, కాంట్రాక్టరా?

తవ్వించినవాళ్లే తీయాలి. ఇదేమీ కొత్త విషయం కాదు. 2016 మార్చిలో వచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనల్లోనే ఈ సంగతి స్పష్టంగా ఉంది. నీళ్లు, డ్రైనేజీ, కరెంటు, టెలిఫోన్, రోడ్ల సంస్థలను అందులో ‘సర్వీస్ ప్రొవైడర్లు’ అన్నారు. తవ్వకాల్లో వచ్చిన వ్యర్థాన్ని వీలైతే ఏ రోజుది ఆ రోజే ఎత్తేసి, ఆ చోటు శుభ్రం చేయాలి. ట్రాఫిక్‌కు, జనానికి, డ్రైన్లకు అడ్డంగా పోయకూడదు. ప్రభుత్వ శాఖ పని కదా అని మినహాయింపేమీ లేదు.

అప్పట్లో పెద్ద పనికి కొలత బరువే. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు వస్తే వ్యర్థాన్ని రకాలవారీగా వేరుచేయాలి. ముందే ప్లాన్ ఇవ్వాలి, చార్జీలు కట్టాలి. 20 టన్నులంటే ఎక్కువే అనిపిస్తుంది కానీ, లెక్క వేస్తే అంత కాదు. 20 సెంటీమీటర్ల మందం ఉన్న సీసీ రోడ్డును మీటరు వెడల్పున కోస్తే, ఒక్కో మీటరు పొడవుకు దాదాపు అర టన్ను కాంక్రీటు వస్తుంది. 42 మీటర్లు కోస్తే 20 టన్నులు దాటినట్టే. కాంక్రీట్ కట్టర్, జేసీబీ ఉంటే అది ఒక్క రోజు పని.

ఇప్పుడు ఏం మారింది?

కేంద్రం 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. అవి అమల్లోకి వచ్చే తేదీ 2026 ఏప్రిల్ 1. నిర్మిత విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్రాజెక్టులకు రీసైక్లింగ్ టార్గెట్లు పెట్టారు. ఈ ప్రాజెక్టుల వాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆన్‌లైన్ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. శుద్ధి చేసిన వ్యర్థాన్ని రోడ్డు పనుల్లోనూ వాడాలి. వీధిలో గజం లోతు కాలువ తవ్వే చిన్న కాంట్రాక్టరుకు టార్గెట్ల గొడవ ఉండదు. అలాగని కుప్పను చెరువు గట్టున పోసి వెళ్లిపోతానంటే కుదరదు.

దుమ్ము సంగతి వేరే. గాలి కాలుష్యం పరిమితి దాటిన నగరాలు, పట్టణాల కోసం 2018 జనవరిలో మరో నోటిఫికేషన్ వచ్చింది. దుమ్ము లేవకుండా ఏర్పాట్లు చేయకుండా తవ్వకమే మొదలుపెట్టకూడదు. మట్టిని, ఇసుకను కప్పకుండా వదలకూడదు. నీళ్లు చల్లాలి. కటింగ్, గ్రైండింగ్ బహిరంగంగా చేయకూడదు. టార్పాలిన్ లేని టిప్పర్లు కళ్లముందే తిరుగుతున్నాయంటే, లోపం రూల్‌లో లేదు, చూసేవాళ్లు లేకపోవడంలో ఉంది.

జరిమానా కూడా మారింది. పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనలకు గతంలో జైలు శిక్ష ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు పెనాల్టీ వేస్తున్నారు.

అసలు చిక్కు ఎస్టిమేట్‌లోనే

తవ్వకానికి, పైపుకు, పూడ్చడానికి రేటు రాస్తారు. మిగిలిన వ్యర్థాన్ని ప్లాంటు దాకా తరలించే ఖర్చు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఆ డబ్బు రాదని తెలిసిన కాంట్రాక్టరు దగ్గర్లోని ఖాళీ ప్లాటు వెతుక్కుంటాడు. అందుకే టెండరు వేసేముందే దూరం, టిప్పర్ ట్రిప్పులు, ప్లాంటు ఫీజు లెక్కలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు ఉన్నాయి. ఒక్కోటి రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో కట్టినవి. ప్లాంటులో ఇచ్చే కాటా చీటీని ఫొటో తీసి దాచుకోవాలి. బిల్లు దగ్గర పేచీ వస్తే అదే సాక్ష్యం.

సైట్‌లో మట్టి ఒక పక్క, కాంక్రీటు పెచ్చులు ఒక పక్క, తారు ముక్కలు ఇంకో పక్క వేయించాలి. మంచి మట్టి చాలావరకు మళ్లీ గుంతలోకే పోతుంది కాబట్టి తరలించే బరువు తగ్గుతుంది. మూడూ కలిసిపోతే మాత్రం ఎందుకూ పనికిరావు. పెచ్చులతో పూడ్చిన గుంత కొన్నాళ్లకు కుంగుతుంది, అదే చోట మళ్లీ తవ్వాలి. వేరుగా ఉంచిన కాంక్రీటు మాత్రం ప్లాంటులో నలిగి కంకర అవుతుంది. ఆ రీసైకిల్డ్ కంకరను సాదా కాంక్రీటులో 25 శాతం వరకు వాడొచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 383 చెబుతోంది. పాత తారును తిరిగి వాడటానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు 2015 నుంచే ఉన్నాయి.

తవ్వే ముందు ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో సమాచారం ఇస్తే, కింద ఎవరి కేబుల్, ఎవరి పైపు ఉందో ఆయా సంస్థలకు ముందే కబురు వెళ్తుంది. 2023 మార్చిలో వచ్చిన యాప్ ఇది. పైపు పగిలితే బురద, ఆ బురద ఎత్తే ఖర్చు కూడా తవ్వినవాళ్లదే మరి.

కాలనీవాసులు ఫిర్యాదు చేసేటప్పుడు కుప్ప ఫొటో ఒక్కటే పంపితే ‘మాది కాదు’ అని ఒక శాఖ ఇంకో శాఖ మీద నెట్టేస్తుంది. పని జరుగుతుండగానే బోర్డు, జేసీబీ, తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోవాలి. బోర్డు లేకపోతే రోడ్ కటింగ్ పర్మిషన్ ఎవరి పేరు మీద ఉందో మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో అడగాలి. అక్కడ కూడా చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.