సీజే గొంతు, మన పెదవులు

ఒకరి గొంతుకు ఇంకొకరు ఆడటం మనకు కొత్తేం కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనక కళాకారుడు పలికేవాడు, తెర మీద బొమ్మ చేతులూపేది. అక్కణ్నుంచి శతాబ్దాలు గెంతి మాట్లాడే వీడియో ఆటల కాలానికి, 1980కి వద్దాం. అమెరికాలో ‘బెర్జర్క్’ అనే ఆర్కేడ్ ఆట పారిపోయే ఆటగాణ్ని పిరికిపందా అని నోరారా తిట్టింది. 1996లో ‘రెసిడెంట్ ఈవిల్’ పాత్రలు చాలానే మాట్లాడాయి. ఆ యాసకూ సాగతీతకూ భయపడాల్సిన చోట నవ్వొచ్చేది.

ఇక నాకిష్టమైన ఘట్టం. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ 2004 అక్టోబరు 26న ప్లేస్టేషన్ 2 మీద విడుదలైంది. ఇరవై ఏళ్లు దాటిపోయాయి.

కథాకాలం 1992. లాస్ ఏంజెలెస్‌ను చూసి అల్లిన లాస్ శాంటోస్ నగరం. అయిదేళ్లుగా ఊరికి దూరంగా బతుకుతున్న కార్ల్ జాన్సన్, అదే మన సీజే, తల్లిని చంపేశారన్న కబురు విని విమానం దిగుతాడు. ఇల్లు చేరకముందే పోలీసులు టాక్సీ ఆపేస్తారు. టెన్‌పెన్నీ అనే అధికారి (ఆ గొంతు సాక్షాత్తూ శామ్యూల్ ఎల్. జాక్సన్‌ది) చెయ్యని హత్యను నెత్తిన రుద్దుతానని బెదిరిస్తాడు. ఉన్న డబ్బులు లాక్కుని, శత్రువులైన బల్లాస్ ముఠా పేటలో కారులోంచి తోసేసి పోతారు. సీజే లేచి, ఆదివారం పేజీలో అచ్చెయ్యలేని ఓ ముక్క గొణిగి, ‘మళ్లీ మొదలైంది’ అంటాడు. దగ్గర్లో ఉన్న సైకిలెక్కి ఇంటిదారి పడతాడు.

ఆ మాట పలికింది యంగ్ మేలే అనే లాస్ ఏంజెలెస్ రాపర్. అందులో ఏడుపు లేదు, కోపమూ లేదు. బాగా అలవాటైపోయిన విసుగు. అందుకే ఎవరి నోటికైనా ఇట్టే అతికింది.

2005లో ఆట కంప్యూటర్లకు వచ్చాక మన ఇంటర్నెట్ సెంటర్లకూ చేరింది. అక్కడ ఈ సీను చూసిందెవరు? గంటకింతని డబ్బులు కట్టి కథ వింటామా! ఎంటర్ నొక్కి దాటేసేవాళ్లం.

తర్వాతి చరిత్ర కాస్త గజిబిజి. 2014 చివర్లో బెర్లిన్ నుంచి డబ్‌స్మాష్ అనే పెదవులు కలిపే యాప్ వచ్చింది, మనవాళ్లు సినిమా డైలాగులతో చెలరేగిపోయారు. 2018లో అలాంటిదే మరో యాప్ మ్యూజికల్.లీ టిక్‌టాక్‌లో కలిసిపోయింది. 2019లో ఎవరో సీజేను ఆ సన్నివేశంలోంచి కత్తిరించి ఆకుపచ్చ తెర మీద నిలబెట్టారు. ఇంకేముంది, ఎవరికి తోచిన చోట వాళ్లు అతన్ని నడిపించారు, పెదవులు కలిపారు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం నిషేధిస్తే, ఆటా పాటా రీల్స్‌కు మారింది. సోమవారం ఆఫీసుకూ అదే డైలాగు, సప్లిమెంటరీ పరీక్షకూ అదే.

వాడుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ తల్లిని పోగొట్టుకుని వచ్చినవాడి మాట అదని చాలామందికి తెలియదు. ఈసారి పెదవులు కదిపేముందు ఆ తొలి సన్నివేశాన్ని దాటెయ్యకుండా పూర్తిగా చూడండి.