తూటాకు జిడ్డు ఎందుకు పూశారు?

1857 తిరుగుబాటు గురించి మనమందరం హైస్కూల్లో చదువుకున్నవాళ్లమే. కొత్త తుపాకులకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు వచ్చాయనీ, వాటిని పంటితో కొరకవలసి రావడంతో హిందూ ముస్లిం సిపాయిలు ఎదురుతిరిగారనీ మాస్టారు చెప్పారు. మనం పరీక్షలో రాశాం. మార్కులూ పడ్డాయి. అయితే తూటాకు అసలు జిడ్డు ఎందుకు పూయాలి అని మా తరగతిలో ఎవరూ అడగలేదు. మతం చెడగొట్టడానికే తెల్లవాడు పూశాడని మేమంతా అనుకునేవాళ్లం.

తర్వాత రెవెన్యూ శాఖలో ఉండగా ఆయుధాల లైసెన్సుల రిజిస్టరు కొన్నేళ్లు నా సీటులో ఉండేది. అందులో చాలా పేర్ల ఎదుట 'ఎస్.బి.ఎం.ఎల్.' అని ఉండేది. అంటే ఒంటి గొట్టం, మూతి నుంచి మందు కూరే తుపాకి. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికని రైతులు రెన్యువల్‌కు వచ్చేవారు. గొట్టంలో జిడ్డు పూస్తారా అని ఒక పెద్దాయనను అడిగాను. "జిడ్డెందుకయ్యా, మందు పోసి, పీచు కూరి, రవ్వలు పోసి, పైన గుడ్డ కూరడమేగా" అన్నాడు. ఆయన మాట నిజమే. వాళ్లది లోపల నున్నగా ఉండే గొట్టం. జిడ్డు అవసరమయ్యేది వేరే రకం తుపాకికి అని రిటైరయ్యాక తీరిగ్గా పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఆ కథే ఇది.

ఆ వేరే రకం రైఫిలు. దాని గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని గిర్రున తిరుగుతూ బయటికి వస్తే తిన్నగా, దూరంగా పోతుంది. గాడులను గట్టిగా పట్టుకునేంత లావు గుండును మూతి నుంచి లోపలికి దింపడం కష్టం. అందుకని పాత వేటగాళ్లు గొట్టం కన్నా కొద్దిగా సన్నని సీసపు గుండు తీసుకుని, దాని కింద నారబట్ట ముక్కో నూలుబట్ట ముక్కో వేసి, రెంటినీ కలిపి గజంతో లోపలికి దింపేవారు. గాడులను పట్టుకునేది బట్ట, గుండును తిప్పేదీ బట్టే. తుపాకి పేలాక ఆ ముక్క కొద్ది అడుగుల దూరంలో రాలిపోతుంది. తెలిసిన వేటగాడు దాన్ని వెతికి చూసుకుంటాడు. కాలిపోయినా, చిరిగినా బట్టలోనో జిడ్డులోనో లోపమున్నట్టు.

ఇక్కడే జిడ్డు ప్రసక్తి వస్తుంది. పాతకాలపు నల్లమందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. (ఆ సురేకారంలో పెద్ద భాగం మన బీహారు నుంచే ఓడల్లో ఇంగ్లండు వెళ్లేదన్న సంగతి వేరే వ్యాసానికి సరిపోతుంది.) ఇది పూర్తిగా పొగైపోదు. బరువులో సగానికి పైగా గట్టి మసిగా మిగులుతుంది. ఆ మసి గాలిలోని తేమను పీలుస్తుంది, ఆరితే గారలా గట్టిపడుతుంది. నాలుగుసార్లు పేల్చేసరికి అయిదో గుండు సగంలో ఇరుక్కుంటుంది. బట్టకు జిడ్డు పూస్తే గుండు సులువుగా దిగుతుంది, మసి మెత్తగా ఉంటుంది, బట్ట మంటకు ఓర్చుకుంటుంది.

మరి ఏ జిడ్డు? దీనికి ఒక్క జవాబు లేదు. సులువైనది ఉమ్మి. గురిపందెంలో వెంటవెంటనే పేల్చేవాడికి అది చాలు. వేటగాడి సంగతి వేరు. తెల్లవారుజామున మందు కూరిన తుపాకి సాయంత్రానికి గాని పేలకపోవచ్చు. ఈలోగా ఉమ్మి ఆరిపోతుంది, లేదా పక్కనున్న మందును తడిపి, గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. పశువుల కొవ్వు మంచిదే గాని ఉప్పు తగిలిన కొవ్వు పనికిరాదు, ఉప్పు ఇనుమును తినేస్తుంది. అమెరికా అడవుల్లో తిరిగిన వేటగాళ్లు ఎలుగుబంటి కొవ్వు కాచిన నూనె వాడేవారు. అది చలిలో కూడా గడ్డకట్టకుండా మెత్తగా ఉంటుంది. స్పెర్మ్ తిమింగలం నూనెకు ఇంకా మంచి పేరు. మన బళ్ల ఇరుసులకు వేసే పెట్రోలియం గ్రీజు మాత్రం నల్లమందుతో కలిసి తారులా అంటుకుపోతుంది.

అసలు కిటుకు ఎండలో, చలిలో ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సంక్రాంతి చలికి సీసాలో పేరుకుపోయిన నూనెను ఎండలో పెట్టని ఇల్లు మనలో ఎవరిదీ ఉండదు. పశువుల కొవ్వు సుమారు 40, 45 డిగ్రీల మధ్య, తేనెమైనం 62 దాటాక కరుగుతాయి. కొవ్వు ఒక్కటే వాడితే ఎండలో కరిగి మందులోకి దిగుతుంది. మైనం ఒక్కటే వాడితే చలిలో రాయిలా ఉంటుంది. అందుకే రెండూ కలిపి, ఎండాకాలం మైనం పాలు పెంచి, చలికాలం నూనె పాలు పెంచి వాడేవారు. వంటలో ఉప్పులాగే ఇదీ ఎవరి చేతికి వాళ్లు చూసుకోవలసిన లెక్క. తన జిడ్డు ఏమిటో, ఏ జంతువుదో వేటగాడికి తెలుసు. కాచుకున్నది తానే కనుక.

సైన్యంలోకి రైఫిలు వచ్చినప్పుడు ఈ బట్టముక్క కూడా వెంటవచ్చింది. 1800 నుంచి ఇంగ్లీషు సైన్యంలో ఉన్న బేకర్ రైఫిలు మడమలో జిడ్డు బట్టముక్కలు దాచుకునేందుకు ఇత్తడి మూత గల చిన్న అర ఉండేది. తర్వాత వచ్చిన బ్రున్స్‌విక్ రైఫిలుకూ ఇదే పద్ధతి. కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో కొన్ని సిపాయి దళాలు ఇటువంటి రైఫిళ్లు ఏళ్ల తరబడి వాడాయి. ఆ జిడ్డు మైనం, నూనె లేదా మైనం, గొర్రె కొవ్వు. గొడవేమీ రాలేదు.

తర్వాత 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు వచ్చింది. దీనికి బట్టముక్క లేదు. కాగితపు తూటాలో ఒక కొసన మందు, ఇంకో కొసన గుండు. సిపాయి మందు ఉన్న కొసను పంటితో చింపి, మందు గొట్టంలో పోసి, తర్వాత గుండును కాగితంతో సహా లోపలికి దింపాలి. వేటగాడి బట్ట చేసే పని ఇక్కడ కాగితం చేస్తుందన్నమాట. అందుకని గుండు ఉన్న కొసను జిడ్డులో ముంచేవారు. ఆ జిడ్డులో ఎక్కువ పాలు పశువుల కొవ్వు, తక్కువ పాలు మైనం.

1853లో కొన్ని జిడ్డు తూటాలను ఇంగ్లండు నుంచి మన దేశానికి పంపారు. ఇక్కడి ఎండకు, వానకు జిడ్డు ఎలా ఉంటుందో చూడడానికి. కలకత్తా, కాన్పూరు, రంగూన్‌లలో కావలి సిపాయిల తూటాల సంచుల్లో వాటిని నెలల తరబడి ఉంచారు. పరీక్షించింది వాతావరణాన్నే. మోస్తున్న మనిషిని ఎవరూ అడగలేదు. ఒక్కరికి మాత్రం ఆ ఆలోచన వచ్చింది. బెంగాల్ సైన్యం అడ్జుటెంట్ జనరల్ కల్నల్ హెన్రీ టక్కర్ 1853 డిసెంబరులో ఒక లేఖ రాశాడు. ఈ జిడ్డు కులాచారాలకు అభ్యంతరం కానిదని తెలిసేదాకా సిపాయి దళాలకు వీటిని ఇవ్వకూడదని, తెల్ల దళాలకే పరిమితం చేయాలని. ఆ లేఖ కలకత్తాలో మిలిటరీ బోర్డుకు వెళ్లింది. దాని మీద చర్య ఏదీ జరగలేదు. ఫైళ్ల మధ్య ముప్పయ్యేళ్లు బతికిన మనకు ఆ లేఖకు ఏ గతి పట్టి ఉంటుందో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

1856లో కలకత్తా దగ్గర ఈ తూటాల తయారీ మొదలయింది. కొవ్వు సరఫరా కాంట్రాక్టరు పని. ఏ జంతువు కొవ్వో కచ్చితంగా నిర్దేశించలేదు. అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా ప్రత్యేక జాగ్రత్త ఏదీ తీసుకోలేదని తర్వాత ప్రభుత్వమే ఒప్పుకుంది. నా దృష్టిలో మొత్తం కథలో క్షమించరాని భాగం ఇదే. కుట్ర ఏమీ కాదు. సరుకు ఫలానాదని ఒక్క మాట రాయించుకోకపోవడం.

1857 జనవరిలో డమ్‌డమ్ శిక్షణ కేంద్రంలో ఒక కళాసీ బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్లు అడిగాడు. ఇవ్వనంటే, ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు కొరకబోతున్నారు, ఇక మీ కులం ఎక్కడుంటుంది అన్నాడు. జనవరి 22న కెప్టెన్ రైట్ ఈ సంగతి పైకి రిపోర్టు చేశాడు. పరేడ్‌లో అభ్యంతరాలు అడిగితే మూడింట రెండొంతుల మంది ముందుకు వచ్చారు. వాళ్లు తుపాకి వద్దనలేదు. జిడ్డు వద్దనీ అనలేదు. మైనం, నూనె కలిపి ఇమ్మన్నారు. రైఫిలు దళాల్లో అంతకుముందే వాడిన మిశ్రమం, ఏ పల్లె వేటగాడైనా కలుపుకోగలిగిన మిశ్రమం అదే.

ప్రభుత్వం జనవరి 27కల్లా దిగివచ్చింది. జిడ్డు లేని తూటాలు ఇచ్చి, సిపాయిలు తమకు ఇష్టమైనది బజారులో కొని తామే పూసుకోవచ్చని ఉత్తర్వు చేసింది. వెంటనే అడ్జుటెంట్ జనరల్ కార్యాలయం అడ్డు చెప్పింది. గొర్రె కొవ్వు, మైనం వాడుతున్న పాత రైఫిలు దళాలకు ఈ ఉత్తర్వు వింటే లేని అనుమానం వస్తుందని! ఇంతలో అనుమానం జిడ్డు నుంచి కాగితం మీదికి పాకింది. మెరుస్తున్న కాగితంలోనే కొవ్వు ఉందన్నారు. రసాయన పరీక్ష చేయించి లేదని చెప్పినా నమ్మినవాడు లేడు. కొరకకుండా చేత్తో చింపవచ్చని డ్రిల్లు మార్చారు. అదీ పని చేయలేదు.

ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ అశ్వదళానికి చెందిన 90 మందిలో 85 మంది తూటాలు ముట్టుకోలేదు. ఆ రోజు ఇచ్చినవి ఎప్పటినుంచో వాడుతున్న పాతరకం, కొత్త జిడ్డు లేనివి. మే 9న వాళ్లకు పరేడ్‌లో సంకెళ్లు వేశారు. మర్నాడు మీరట్ మండింది. భూమి, పన్నులు, అవధ్ ఆక్రమణ వంటి కారణాలు వెనుక చాలా ఉన్నాయి. జిడ్డు ఒక్కటే కారణమని నేను అనను. అంతకు అర్ధశతాబ్దం ముందు, 1806లో, మన మద్రాసు సైన్యం వెల్లూరులో తిరగబడ్డప్పుడూ కొత్తరకం టోపీ, దాని తోలు కుచ్చు ముందుకు వచ్చాయి.

తర్వాత సైన్యం తూటా జిడ్డులో మైనం పాలు పెంచి, కొవ్వు పాలు తగ్గించింది. మతం కోసం కాదు. ఇక్కడి ఎండకు కొవ్వు కరిగి కాగితంలోకి ఇంకిపోయి, సీసపు గుండ్లు పాడై గొట్టంలో ఇరుక్కుంటున్నాయని. 1866లో వెనుక నుంచి తూటా పెట్టే స్నైడర్ రైఫిలు రావడంతో ఇంగ్లీషు సైన్యానికి గజంతో కూరే పని, దానితో ఈ తలనొప్పి, రెండూ పోయాయి.

మన దేశంలో 1972 చట్టం వేటకు ముగింపు పలికింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1974 నుంచి చెకుముకి తుపాకితో జింకల వేటకు ప్రత్యేక గడువు ఇస్తోంది. అది క్రిస్మస్ మర్నాడు మంచులో మొదలవుతుంది. తిమింగలం నూనె నిషేధమయ్యాక దాని బదులు జొజోబా గింజల నూనె వచ్చింది. అక్కడి వేటగాళ్లు ఇప్పటికీ డబ్బాలో తేనెమైనం కరిగించి, చలి ఎంతో చూసుకుని నూనె పోసుకుంటారు.